గోడ వంకర తిరిగిన చోట

మొన్న సమాధుల తోట దగ్గర ఒక కుర్ర ఇంజనీరు నాకు పాఠం చెప్పాడు. తోట చుట్టూ ఉన్న పాత గోడ పడగొట్టి కొత్తది కడుతున్నారని తెలిసి, ఉండబట్టలేక ఆటో ఎక్కి వెళ్ళాను. అబ్బాయి నెత్తిన పచ్చటి టోపీ, చేతిలో సెల్లు. "చూశారా ఆంటీ, గోడంతా తిన్నగా వచ్చి, ఈ మూలకొచ్చేసరికి ఎలా పొట్ట ఉబ్బిందో! ఆ రోజుల్లో మేస్త్రీలు తాగి కట్టేవాళ్ళనుకుంటా," అన్నాడు.

నాకు కోపం రావాలి. వచ్చే మనిషినే. కానీ ఆ మేస్త్రీ మొహం గుర్తొచ్చి నవ్వొచ్చింది. చుట్ట తప్ప ఇంకేదీ ముట్టని మనిషి పాపం, ఇన్నేళ్ళ తర్వాత తాగుబోతు అయ్యాడు. "కూర్చో బాబూ, చెప్తాను," అన్నాను. ఆ అబ్బాయికి పనుంది, కూర్చోలేదు. అందుకని మీకు చెప్తున్నాను.

రేపల్లె రైలు తెనాలి దాటాక వచ్చే చిన్న స్టేషన్లలో ఒకదాని దగ్గర దిగి, కాలవ గట్టు పట్టుకుని నడిస్తే మా పేట. ఆ రోజుల్లో మా పేటలో దేవుడు ఒక్కడే, నీళ్ళు మాత్రం రెండు రకాలు. పెంకుల కప్పూ ఇత్తడి గంటా ఉన్న పెద్ద గుడి వాళ్ళు, బాప్తిస్మానికి గిన్నెలో నీళ్ళు తీసుకుని నెత్తిన చిలకరించేవాళ్ళు. ఒళ్ళో పసిపిల్లలకి కూడా ఇచ్చేవాళ్ళు. గట్టు మీద తాటాకు పాకలో కూడుకునేవాళ్ళు అది చెల్లదనేవాళ్ళు. ఊహ తెలిసి, మనసు మారిన మనిషిని కాలవలోకి తీసుకెళ్ళి నిలువునా ముంచేవాళ్ళు. అలా జనం నోట గిన్నె వాళ్ళు, కాలవ వాళ్ళు అని పేర్లు పడిపోయాయి.

పెద్ద గుడికి ఉపదేశి మా తాతయ్య. పాస్టరు అయ్యగారు ఊళ్ళో లేని ఆదివారాలు ప్రసంగం చెప్పడం, మిగతా రోజులు బళ్ళో పిల్లల చేత అక్షరాలు దిద్దించడం ఆయన ఉద్యోగం. పాక సంఘానికి బోధకుడు ఎవరనుకున్నారు? మా నాయనమ్మకి సొంత తమ్ముడు. పిల్లలం మేం ఒకాయన్ని గిన్నె తాత అనీ, ఇంకొకాయన్ని కాలవ తాత అనీ పిలిచేవాళ్ళం. ఇద్దరూ పలికేవాళ్ళు.

ఏటా వేసవిలో, మినుములు కూడా ఇళ్ళకి చేరి చేలు ఖాళీ అయ్యాక, గుడికీ పాకకీ మధ్యనున్న బయల్లో వాదం పెట్టేవాళ్ళు. ఇటో బల్ల, అటో బల్ల. ఇటు గిన్నె వాళ్ళు, అటు కాలవ వాళ్ళు. మగవాళ్ళకి వరిగడ్డి, ఆడవాళ్ళకి ఈత చాపలు. బాపట్ల నుంచి, రేపల్లె నుంచి, కాకుమాను వైపు పల్లెల నుంచి జనం టిఫిన్ క్యారియర్లతో దిగేవాళ్ళు. నిజాంపట్నం నుంచి ఎండు మెత్తళ్ళ గంపతో ఒక అత్త వచ్చేది. వాళ్ళది మా మతం కాదు. "ఏ నీళ్ళయితే నాకేంటమ్మా, నేను పుట్టిందే సముద్రం ఒడ్డున. మీ తాతలిద్దరూ ఒకళ్ళనొకళ్ళు దులుపుకుంటుంటే నాకు సినిమా ఖర్చు మిగుల్తది," అనేది. గంప ఖాళీ అయినా ఇంటికి వెళ్ళేది కాదు. ఆ మెత్తళ్ళ వాసన, వరిగడ్డి వాసన, ఆడవాళ్ళ జడల్లో కనకాంబరాల మీద చల్లిన నీళ్ళ వాసన, ఇవన్నీ కలిస్తేనే నాకు వాదం.

అధ్యక్షుడి దగ్గరే పెద్ద గొడవ. గిన్నె వాళ్ళు పెట్టిన మనిషిని కాలవ వాళ్ళు నమ్మరు, కాలవ వాళ్ళు పెట్టిన మనిషిని గిన్నె వాళ్ళు నమ్మరు. చివరికి ఇద్దరూ నమ్మిన మనిషి తెనాలిలో గడియారాలు బాగుచేసే సాయిబుగారు. ఆయన రైల్లో వచ్చేవారు, చంకలో తువ్వాల్లో చుట్టిన టైంపీసు పెట్టుకుని. దాన్ని బల్ల మీద పెట్టి, అలారం తిప్పి, "కానివ్వండి," అనేవారు. అది మోగిందంటే మాట్లాడేవాళ్ళు నోట్లో మాట నోట్లోనే మింగి కూర్చోవాలి. ఎంత పెద్ద వాక్యమైనా సరే, సగంలో ఆపాల్సిందే.

ఇక వాదం అంటారా, అబ్బో! వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా, మా తాతయ్య అక్కణ్ణించే ఎత్తుకునేవారు. ముక్కు పొడుం పట్టు పీల్చి, కండువా సర్దుకుని, ఎంతో వినయంగా అడిగేవారు.

"బావమరిదీ, నాకో సందేహం. గవర్నమెంటు వాళ్ళు కాలవ కట్టేశారు గదా. మళ్ళీ నీళ్ళు వదిలేదాకా మీ మోక్షం కూడా కట్టేసినట్టేనా? ఈలోపు ఎవడికైనా ఖర్మకాలి మనసు మారిందనుకో, లాకు సూపర్‌వైజరుకి అర్జీ పెట్టుకోవాలా?"

జనం గొల్లుమనేవాళ్ళు. కాలవ తాత కూడా నవ్వేవాడు, పొట్ట పట్టుకుని మరీ. తర్వాత లేచేవాడు.

"అర్జీ పెట్టుకుంటాం బావా, తప్పేముంది? మనసు మారిందంటే చిన్న విషయమా మరి, కాలవ నిండా నీళ్ళు కావాలి. మీకేం! మంగలి గడ్డం గీసేటప్పుడు నీ మొహాన కొట్టే నీళ్ళు కూడా మీ అయ్యగారి గిన్నెలో ఉండవు. ఆ లెక్కన ఆ మంగలే నీకు వారం వారం బాప్తిస్మం ఇస్తానే ఉన్నాడు. పాపం, ఆయనకి మీ సంఘంలో ఒక పదవన్నా ఇవ్వలేదేం బావా?"

ట్రింగ్‌మని టైంపీసు మోగేది. మా తాతయ్య చెంపలు తడుముకుంటూ ఉండిపోయేవారు. ఆ తర్వాత చాన్నాళ్ళు, మంగలి మా వీధిలోకి వస్తే చాలు, "అయ్యగారొచ్చారు," అని పిల్లలం అరిచేవాళ్ళం. ఆయన కూడా ఊరుకోకుండా చెయ్యెత్తి దీవించేవాడు.

మా అల్లరీ వాళ్ళ పోలికే. నేనూ, కాలవ తాత మనవరాలూ మా పెరట్లో వాదం పెట్టుకున్నాం ఒకసారి. కోడిపిల్లకి నేను చెంబుతో చిలకరించాను. అది చాలదని దాన్ని లాక్కుని కుడితి తొట్లో ముంచింది ఆ రాకాసి. నాయనమ్మ పరుగెత్తుకొచ్చి, వణుకుతున్న పిల్లని కొంగులో చుట్టి పొయ్యి పక్కన పెట్టింది. "దానికి పాపం తెలియదు, పుణ్యం తెలియదు. అప్పుడే సంఘంలో చేర్చుకుంటున్నారా? రేపణ్ణించి చందా కూడా కట్టమనండి," అని ఇద్దరి నెత్తినా మొట్టింది. ఆ కోడిపిల్ల బతికింది. గుడ్లు కూడా పెట్టింది.

ఇంత నోరు ఆ తాతలిద్దరికీ ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది. ఒకాయన మొగుడు, ఒకడు తమ్ముడు. ఇద్దరూ ఆవిడ పొయ్యి దగ్గర నేర్చుకున్నవాళ్ళే. వాదం రోజు మధ్యాహ్నం కాలవ తాత అక్క ఇంట్లోనే భోంచేయాలి, అది మా ఇంటి ఆచారం. వంకాయా ఎండు మెత్తళ్ళూ వేసిన పులుసు, మామిడికాయ పప్పు, ఆఖర్న మజ్జిగ. బావా బావమరిదీ పక్కపక్కనే పీటల మీద కూర్చుని ఒకే కూర గిన్నె మీద పోట్లాడుకుంటూ తినేవాళ్ళు. చెయ్యి కడుక్కుని, లేచి, ఒకరు ఇటు బల్లకీ, ఒకరు అటు బల్లకీ వెళ్ళేవాళ్ళు. బావా బావమరుదులు అనుకునే మాటలకి కోపం ఏంటి? మా వైపు పెళ్ళిళ్ళలో బావమరిది నోటికి హద్దే లేదు. వాళ్ళు ఆ సరసాన్నే బల్ల మీదకి తెచ్చారు, అంతే.

కానీ ఒక్క విషయం మాత్రం ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు. నీళ్ళ కొలత గురించి దెబ్బలాడుకున్నారు, గుడిలో ఆడవాళ్ళ ముసుగు గురించి, పాటల్లో డోలక్ గురించి, అయ్యగారి జీతం గురించి కూడా దెబ్బలాడుకున్నారు. పసిపిల్లల బాప్తిస్మం గురించి ఒక్కనాడూ నోరు విప్పలేదు. రెండు సంఘాలకీ అసలు తేడా అక్కడే ఉన్నా సరే.

ఎందుకో మా పేటలో అందరికీ తెలుసు. నాయనమ్మకి తొలిచూలు మగబిడ్డ. పుట్టిన కొద్ది రోజులకే, బాప్తిస్మం ఇవ్వకముందే పోయాడు. అప్పటికి పేరు కూడా పెట్టలేదు. బాప్తిస్మం లేనివాళ్ళకి సమాధుల తోటలో చోటు లేదన్నది పెద్ద గుడి కట్టడి. అందుకని తోటకి కట్టిన ముళ్ళ కంచె బయట, తాటిచెట్టు పక్కన పెట్టారు వాణ్ణి. ఆ తర్వాత పుట్టిన మా నాన్నని నాయనమ్మ ఎప్పుడూ "చిన్నోడా" అనే పిలిచింది. "ఇంట్లో పెద్దకొడుకుని పట్టుకుని చిన్నోడంటావేంటి?" అని ఎవరన్నా అడిగితే, "పెద్దోడు ఇంట్లో లేడు గదా," అనేది, అదేదో బజారుకి వెళ్ళినట్టు.

ఏటా సమాధుల పండక్కి ముందు కంచె విప్పి కొత్త తుమ్మకంపతో కట్టేవాళ్ళు. ఆ కంప కట్టే పని నాయనమ్మ అడిగి మరీ తనే దగ్గరుండి చేయించేది. చేయించి, తాటిచెట్టు మూల దగ్గర కంచెని కొంచెం బయటికి వంచేది, ఆ చిన్న దిబ్బ లోపలికి వచ్చేలాగా. పండగ నాడు అందరి సమాధులకీ సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళం కదా, ఆ దిబ్బ మీదా ఒక కొవ్వొత్తి వెలిగేది. అయ్యగారు చూసేవారు, పెద్దలు చూసేవారు, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ముళ్ళ కంప కాబట్టి సరిపోయింది. గాలికి వంగిందని అందరూ అనుకోవచ్చు.

ఆ ఏడు మాత్రం పెద్దలు ఇటుక గోడ కట్టాలని తీర్మానం చేశారు. హద్దు రాయి నుంచి హద్దు రాయికి తాడు లాగి తిన్నగా కట్టాలి. అంటే పెద్దోడు శాశ్వతంగా బయట ఉండిపోతాడు. తాతయ్య వెళ్ళి అడిగారు. "బాప్తిస్మం లేని బిడ్డని లోపల చేర్చుకుంటే మన బోధ మనమే కొట్టేసుకున్నట్టు కాదా ఉపదేశిగారూ? కాలవోళ్ళు నవ్వుతారు," అన్నాడు సంఘం పెద్ద. ఇటుకలు వచ్చి పడ్డాయి. మేస్త్రీ సోమవారం తాడు వేస్తానన్నాడు. వాదం శనివారం.

దీనికి తోడు, ఈ బావా బావమరుదుల సరసంతో లాభం లేదనీ, జనం నవ్వి నవ్వి చివరికి కాలవ వైపే పోతున్నారనీ, పెద్దలు పట్నం నుంచి ఒక అయ్యగారిని పిలిపించారు. బాగా చదువుకున్నాయన. అంత ఎండలోనూ నల్లకోటు విప్పలేదు. ఆయన ఎంచుకున్న విషయం, 'శిశువులకు బాప్తిస్మం అవసరమా?' కరపత్రాలు అచ్చువేసి బాపట్ల దాకా పంచేశారు.

అవి చూసిన రోజు నాయనమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే తాతయ్యతో అంది. "మీ వాళ్ళు గెలిస్తే నా పెద్దోడు బయటే ఉంటాడు. ఓడిపోతే మీ ఉద్యోగం ఉంటదో ఊడుద్దో. మీరు ఏ బల్ల దగ్గర కూర్చుంటారో కూర్చోండి. నేను మాత్రం ఏ బల్ల వైపూ లేను." తాతయ్య ఆ పూట కంచంలో చెయ్యి పెట్టలేదు. నాకు భయం వేసింది.

శనివారం పట్నం అయ్యగారికి భోజనం మా ఇంట్లోనే. పక్కనే పీట మీద కూర్చుని పులుసు జుర్రుతున్న మనిషే సాయంత్రం తన ఎదిరి పక్షమని తెలిసి ఆయన ముద్ద ఆపేశాడు. కాసేపటికి తేరుకుని, "ఇక్కడి జనానికి వెటకారం ఉంటేనే మాట ఎక్కుతుందట కదండీ," అన్నాడు.

"ఎక్కుద్దండి," అన్నారు తాతయ్య. "కానీ మేమిద్దరం బావా బావమరుదులమండి. ఎవరికి ఎక్కడ నొప్పో మాకు తెలుసు. తెలిసి అక్కడ ముట్టుకోమండి. అయ్యగారూ, ఇంకా మించిపోయింది లేదు, పసిపిల్లల సంగతి వదిలేసి వేరే ఏదన్నా మాట్లాడండి."

"భయపడుతున్నారా?" అని నవ్వాడాయన. "వెటకారం కొత్తదేం కాదు. బైబిల్లో, కొండ మీద విగ్రహాల పూజారుల్ని ఒక ప్రవక్త ఎంత ఎగతాళి చేశాడు!"

"చేశాడండి," అన్నాడు కాలవ తాత, మజ్జిగ పోసుకుంటూ. "చేసి, ఆ తర్వాత వాన కూడా తెప్పించాడు. తమరు తెప్పిస్తారా?"

నాయనమ్మ నవ్వలేదు. తమ్ముడి కంచంలో ఇంకో ముక్క వేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఎండ తగ్గాక సభ మొదలైంది. అంత జనాన్ని మా పేట ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్ళ చాపల మీద నేను నాయనమ్మని ఆనుకుని కూర్చున్నాను. ఆవిడ చీరాల నేత చీర గరుకుగా నా చెంపకి తగులుతోంది. పట్నం అయ్యగారు లేచాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆయన మాటకారే. మొదట్లో మేమంతా నవ్వాం. కాలవ వాళ్ళు బాప్తిస్మానికి పొడి చొక్కా తెచ్చుకుంటారు గానీ మారు మనసు తెచ్చుకోరన్నాడు. చాపల మీద ఒకటే నవ్వులు. జనం నవ్వేకొద్దీ ఆయనకి ఊపొచ్చింది.

"అయ్యా కాలవ వారూ, మీరు మీ పిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. సరే. రేపు ఆ బిడ్డ పోతే? ఏ లెక్కలో రాస్తారు? మా పెరట్లో కోడిపిల్ల చస్తే గోడవతల పారేస్తాం. దానికి పేరుండదు, రాయి ఉండదు, పరలోకంలో చోటుండదు. బాప్తిస్మం లేకుండా పోయిన బిడ్డ కూడా అంతేగా? పారేయండి గోడవతల!"

అని నవ్వు కోసం ఆగాడు.

ఎక్కడో బాపట్ల నుంచి వచ్చినవాళ్ళు కొంతమంది నవ్వారు. మా పేటవాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. తలలన్నీ మా చాప వైపు తిరిగాయి. నాయనమ్మ కదల్లేదు. నా భుజం మీదున్న ఆవిడ చెయ్యి మాత్రం బిగుసుకుపోయింది. తాతయ్య బల్ల మీద రెండు చేతులూ ఆనించి కళ్ళు మూసుకున్నారు.

ట్రింగ్‌మని టైంపీసు మోగింది.

"ఇంకా టైం ఉంది కదండీ," అన్నాడు పట్నం అయ్యగారు, తన చేతి గడియారం చూసుకుని.

"నా గడియారం అయిపోయిందంటే అయిపోయినట్టేనండి," అన్నారు సాయిబుగారు. ఆయన వేలు ఇంకా అలారం మీదే ఉంది. "కూర్చోండి."

కాలవ తాత లేచాడు. ఆ రోజు ఆయన ఒక్క మాట అంటే చాలు, గిన్నె వాళ్ళు మళ్ళీ తలెత్తుకోలేరు. వేలెత్తి మా చాప వైపు చూపించి, 'అదిగో ఆ తల్లిని అడగండి,' అంటే చాలు. పాక వాళ్ళు ముందుకి వంగి కూర్చున్నారు. ఆయన సాయిబుగారి వైపు తిరిగాడు.

"అధ్యక్షా, నా టైం మా అక్కకి ఇచ్చేస్తున్నా," అని కూర్చున్నాడు.

అంతే, సభంతా గోల. గిన్నె వాళ్ళకీ కాలవ వాళ్ళకీ కుదిరిన బోధ ఏదైనా ఉందంటే అదొక్కటే: ఆడది సభలో మాట్లాడకూడదు. ఇటు పెద్దలూ అటు పెద్దలూ మొదటిసారి ఒక్క గొంతుతో అరిచారు. సాయిబుగారు నింపాదిగా టైంపీసుకి కీ ఇచ్చారు. "మీ రెండు పార్టీల సంగతి నాకు తెలియదండి. నా గడియారానికి మగ, ఆడ తేడా లేదు. రండమ్మా," అన్నారు.

నాయనమ్మ లేచింది. బల్ల దాకా వెళ్ళలేదు. చాపల మధ్య నిలబడే, కొంగు భుజం మీదుగా లాక్కుని మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. వడ్డించేటప్పుడు మాట్లాడే గొంతే.

"అయ్యగారూ, దణ్ణాలండి. నాకు చదువు రాదండి, వంట వచ్చు. వంట వచ్చినదానికి నీళ్ళ కొలత తెలుస్తది. ఇన్నేళ్ళబట్టీ మీ మగాళ్ళందరూ కొట్టుకుంటంది ఆ కొలత కోసమేగా, నేను చెప్తాను వినండి. నాకు పెద్దోడు పుట్టిన కొన్నాళ్ళకి తుఫానండి. బిడ్డకి ఒళ్ళు కాలిపోతంది. అప్పటి అయ్యగారు కాలవ అవతల ఉన్నారు. వచ్చి రెండు చుక్కలు చిలకరించి పొండయ్యా అని కబురెట్టాం. ఆయన ఏం చెప్పి పంపారో తెలుసాండి? కాలవలో నీళ్ళు ఎక్కువయ్యాయి, రాలేనన్నారు." ఆగి, అటూ ఇటూ చూసింది. "నీళ్ళివ్వాల్సినాయన నీళ్ళు ఎక్కువయ్యాయని రాలేదండి."

నిజాంపట్నం అత్త ముక్కులోంచి వచ్చిన నవ్వు కొంగుతో నొక్కుకుంది.

"బిడ్డ పోయాడు. వాన ఆగలేదు. ఇదిగో, ఇటు బల్ల దగ్గరున్న ఈయనా, అటు బల్ల దగ్గరున్న నా తమ్ముడూ, ఈళ్ళిద్దరే మోసుకెళ్ళారు వాణ్ణి. దారి పొడుగునా వాడి నెత్తి మీద వానే. తువ్వాలు కప్పినా ఆగలేదు. ఏవండీ గిన్నెవారూ, మీ చిలకరింపుకి అది చాలదా? చాలకపోతే ఇంకెన్ని చుక్కలు తక్కువయ్యాయో చెప్పండి. తీసుకెళ్ళి గుంట తవ్వారు. గుంట నిండా నీళ్ళే. తోడేకొద్దీ ఊరాయి. ఆ నీళ్ళలోనే పడుకోబెట్టి వచ్చారు. ఏరా తమ్ముడా, నీ చేతులతో నువ్వే నిలువునా ముంచావు గదరా వాణ్ణి, నీకు చాలదట్రా? నా పెద్దోడికి రెండు రకాలూ అయినయ్యండి. ఈ సభలో రెండూ అయినోడు ఇంకొకడుంటే చెయ్యెత్తమనండి. ఎవరు ఇచ్చారంటారా? వాన ఎవరిదో నాకేం తెలుసు, చదువుకున్నోరు, మీరే చెప్పాలి."

ఎవరూ చెయ్యెత్తలేదు. కాలవ తాత బల్ల మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"గోడంటారా, కట్టుకోండి. సోమవారం తాడు వేస్తారంటగా. కాకపోతే ఒక్క మనవండి. దేవుడు గోడ లోపల ఉంటానన్నాడో, బయట నా బిడ్డ దగ్గర ఉంటానన్నాడో ముందు ఆయన్ని కనుక్కుని తాడు వేయండి. ఆయన బయట ఉండిపోయాడనుకోండి, లోపల మీరూ మీ గిన్నే మిగుల్తారు. ఇక కోడిపిల్లలంటారా అయ్యగారూ, మా ఇంట్లో కోడిపిల్ల చచ్చినా నేను ఏడుస్తానండి. మీకు అలవాటు లేదేమో."

దణ్ణం పెట్టి కూర్చుంది. ఒళ్ళంతా వణుకుతోంది, నేను పట్టుకున్నాను. ఆ వణుకు చూసేదాకా, ఆవిడ అంత సరదాగా మాట్లాడుతోందనే అనుకున్నాను నేను. టైంపీసు చాలాసేపటికి గానీ మోగలేదు. మోగితే అందరూ ఉలిక్కిపడ్డారు.

"ఎవరు గెలిచారో చెప్పండి సాయిబుగారూ," అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"టైం చెప్పడం వరకే నా పని," అని ఆయన టైంపీసు తువ్వాల్లో చుట్టుకుని, కళ్ళు కూడా ఆ తువ్వాలుతోనే తుడుచుకున్నారు. "టైం అయింది. ఇళ్ళకెళ్ళండి."

తాతయ్య లేచి, బల్ల దాటి, బావమరిదిని భుజం పట్టి లేపారు. ఇద్దరూ నాయనమ్మ వెనకాలే ఇంటికి నడిచారు.

పట్నం అయ్యగారు ఆ పూటే వెళ్ళిపోతాడనుకున్నాం. కాసేపటికి మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కోటు లేదు. అది లేకపోతే ఆయన మా బళ్ళో కుర్ర మాస్టర్లలాగే ఉన్నాడు. "అమ్మా, నాకు తెలియదమ్మా," అన్నాడు.

నాయనమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది. "ముందు చెయ్యి కడుక్కోండి, అన్నం తిందురుగాని," అంది. ఆయన చేతులు చాపాడు. ఆవిడ చెంబు వంచబోయి ఆపింది. "చిలకరించమంటారా, ముంచమంటారా?"

కాలవ తాతే ముందు పగలబడి నవ్వాడు. తర్వాత తాతయ్య. ఆ పట్నం అయ్యగారు నవ్వలేక, ఏడవలేక, చాపిన చేతుల్లో మొహం దాచుకుని అరుగు మీద కూలబడ్డాడు. అప్పణ్ణించి ఆయన మా ఇంటి మనిషైపోయాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా చేతులు చాపి, "ఇవాళ ఏ రకం అమ్మా?" అని అడిగేవాడు. ఎంతమాట పడితే అంతమాట అనేది ఆవిడ. పరాయివాళ్ళని నాయనమ్మ సరదాకి ఒక్క మాట కూడా అనేది కాదు, అండి, గారు అని ఊరుకునేది. ఆ రోజు సభలో ఆవిడ అంటించిన అండీలన్నీ పరాయివాళ్ళకే.

సోమవారం పొద్దున పేటంతా తోట దగ్గరే ఉంది. మేస్త్రీ చుట్ట నోట్లో పెట్టుకుని, హద్దు రాయికి తాడు కట్టి, "ఎటు లాగమంటారు అయ్యగారూ?" అన్నాడు. మా గుడి అయ్యగారు ముందుకొచ్చారు. వెళ్ళి తాటిచెట్టు దగ్గరున్న మేకు పీకారు. ఆ చిన్న దిబ్బ చుట్టూ నడిచి, దాని అవతల దిగ్గొట్టారు. 'కాలవోళ్ళు నవ్వుతారు' అన్న ఆ సంఘం పెద్దే వంగి, తాడు జారిపోకుండా పట్టుకున్నాడు. కాలవోళ్ళు నవ్వలేదు. వచ్చి ఇటుకలు అందించారు. తాతయ్య ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ మూల మొదటి వరస ఇటుకలకి నీళ్ళు పోసింది మా నాయనమ్మ. చెంబు వంచుతూ మేస్త్రీతో ఏదో అంది. ఏమందో నాకు వినబడలేదు గానీ మేస్త్రీ నోట్లో చుట్ట కింద పడింది, అంత నవ్వాడు.

వాదాలు ఆ తర్వాత కూడా జరిగాయి. కాలవలు కట్టేసినప్పుడల్లా మోక్షం కట్టేశారా అని తాతయ్య అడుగుతూనే ఉన్నారు. మంగలికి పదవి ఇచ్చారా అని కాలవ తాత అడుగుతూనే ఉన్నాడు. ఆ మనుషులు వెళ్ళిపోయాక ఆ వాదాలూ పోయాయి. ఇప్పుడు ఫోనుల్లో ఒకళ్ళనొకళ్ళు ఏకిపారేసుకోవడం చూస్తున్నాను. నాకు నవ్వు రాదు. ఒకళ్ళింట్లో ఒకళ్ళు అన్నం తిననివాళ్ళు ఆ మాటలు ఎలా అనుకుంటారో నాకు అర్థం కాదు.

గోడ పొట్ట ఉబ్బిన ఆ మూలలోనే ఇప్పుడు నాయనమ్మ ఉంది, పెద్దోడి పక్కన. ఇటు తాతయ్య. అటు కాలవ తాత. పాక వాళ్ళకి వేరే స్థలం వచ్చినా ఆయన ఇక్కడే కావాలన్నాడు. "బావకి ఇంకా జవాబు బాకీ ఉంది," అన్నాట్ట. పెద్దోడి మీద చిన్న రాయి ఉంది. పేరు లేదు కాబట్టి 'పెద్దోడు' అనే చెక్కించారు మా నాన్న.

ఇదంతా ఆ ఇంజనీరు అబ్బాయికి కూడా, వాడు కూర్చోకుండా అటూ ఇటూ తిరుగుతుంటే వెంటపడి మరీ చెప్పాను. చివర్లో ఆగి విన్నాడు. సెల్లు జేబులో పెట్టాడు. చిన్న రాయి దగ్గరికి వెళ్ళి పేరు చదివాడు. తర్వాత తల గోక్కుంటూ, "ప్లాను తిన్నగా ఉందాంటీ. మళ్ళీ వంకరగా కట్టామంటే కమిటీ వాళ్ళు నవ్వుతారు," అన్నాడు.

"నవ్వనీ బాబూ," అన్నాను. "ఇక్కడున్నవాళ్ళకి నవ్వంటే ఇష్టమే. ఆ తాడు ఇలా ఇవ్వు."

ఒక కొస వాడు పట్టుకున్నాడు. రెండో కొస నేను పట్టుకుని, మోకాళ్ళ నొప్పులతోనే, పెద్దోడి చుట్టూ నడిచాను.